పాత పేజీ మీద నడిచిన గడియారం

ఈమధ్య బందరులో ఒక పెళ్ళికి వెళ్తే, ఏదో చానల్లో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి నా పక్క కుర్చీలో కూర్చుంది. నేను సర్వీసులో ఏం పని చేసేవాడినని అడిగింది. టెలిటెక్స్ట్ అని చెప్పాను. "అంటే కింద స్క్రోలింగ్ వస్తుందే, అలాంటిదా అంకుల్?" అంది. కాదమ్మా అని మొదలుపెట్టేలోపు భోజనాలకు పిలిచారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె వేరే బంతిలో కూర్చుని ఉంది. ఆమెకు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదవకపోయినా ఆ వయసువాళ్ళు ఎవరో ఒకరు చదువుతారు.

ప్రమోషన్లు, బదిలీలు, మెమోల గురించి రాయను. అవి అందరికీ ఉండేవే. రిటైరైన రోజున నాకు శాలువా కప్పి "మచ్చ లేని సర్వీసు" అన్నారు. మచ్చ ఉంది. రికార్డులో లేదు, అంతే. రికార్డులోకి ఎందుకు ఎక్కలేదో చెబితే ఈ ఉద్యోగం నిజంగా ఏమిటో మీకు తెలుస్తుంది.

ఖాళీగా తిరిగొచ్చే బస్సు

పాత టీవీలో బొమ్మ గీతలతో తయారయ్యేది. ఒక కిరణం తెర పైనుంచి గీతలు గీసుకుంటూ కిందికి దిగేది. అడుగుకు చేరాక మళ్ళీ పైకి ఎక్కాలి. సెకనుకు యాభైసార్లు ఇదే పని. ఎక్కే ఆ కాస్త సమయంలో బొమ్మ ఉండదు, సిగ్నల్లో కొన్ని గీతలు ఖాళీగా పోతాయి. బందరు జనాన్ని గుడివాడలో దింపి ఖాళీగా తిరిగొచ్చే బస్సులో పార్సిళ్ళు వేసుకున్నట్టు, ఆ ఖాళీ గీతల్లో అక్షరాలు, అంకెలు వేసి పంపడమే టెలిటెక్స్ట్. బొమ్మకు ఇబ్బంది ఉండదు. ఆ అంకెలను విడదీసి చదివే డీకోడర్ ఉన్న టీవీలో రిమోట్ నొక్కి పేజీ నంబరు కొడితే ఆ అంకెలు తెర మీద పేజీగా పరుచుకుంటాయి.

మాది బందరులో ఒక చిన్న రిలే కేంద్రం. తొంభైల చివర్లో మాకు ఒక ఇన్సర్టర్ వచ్చింది. వెడల్పాటి ఇనప పెట్టె. పై కేంద్రం నుంచి వచ్చే వీడియో ఇందులోంచి వెళ్తుంది. ఏ గీత ఎక్కడ మొదలవుతుందో ఈ పెట్టె లెక్కపెట్టి, సరిగ్గా ఖాళీ గీత వచ్చినప్పుడు డేటాను అందులో దూర్చి ట్రాన్స్‌మిటర్‌కు పంపుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి చాలా ఓపిక కావాలి. డేటా మట్టం, అంటే దాని బలం, తగ్గితే దూరపు సెట్లలో అంకెలు ఎగిరిపోతాయి. పెరిగితే మామూలు టీవీల్లో మాట వెనక జుయ్యిమని రొద వస్తుంది. సిగ్నల్‌ను గీతగా చూపించే స్కోపు ముందు కూర్చుని వెంట్రుకవాసిలో సరిచెయ్యాలి. మొదటి నెల నాకు అదే లోకం. నాగాయలంక అవతల సరుగుడు గెడకు కట్టిన ఏంటెనా మీద కూడా పేజీ తప్పు లేకుండా వచ్చిందని తెలిసిన రోజున నేను ఇంటికి వెళ్ళి ఇద్దరు మనుషుల అన్నం తిన్నాను.

ఈ గర్వం సంగతి గుర్తుంచుకోండి. తర్వాత జరిగిన పాడు పనికి భయం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

గుడివాడ చీమలు

మా స్టేషన్ ఇంజనీరు పేరు శేషగిరిరావు గారు అనుకుందాం. అసలు పేరు అది కాదు. చెడ్డవాడు కాదు. నా చెల్లెలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆఫీసు జీపిచ్చి పంపిన మనిషి. కానీ పని విషయంలో ఆయన చూపు తెర దాటి లోపలికి వెళ్ళేది కాదు.

టెలిటెక్స్ట్ మొదలైన కొద్ది రోజులకు గుడివాడ నుంచి ఒక రైసు మిల్లు యజమాని ఫోన్ చేసి, మా టీవీలో పైన తెల్ల చీమలు పారుతున్నాయి, ఏం చేశారు అని గట్టిగా అడిగాడు. శేషగిరిరావు గారు వెంటనే నన్ను పిలిచి డేటా ఆపెయ్యమన్నారు. ఒక్కరోజు టైమివ్వమని నేను బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. సాయంత్రం మిల్లులన్నీ ఆడే వేళకు ఆ వీధిలో వోల్టేజి పడిపోయి టీవీ బొమ్మ పైనా కిందా కుంచించుకుపోతోంది. మామూలుగా తెర అంచు వెనక దాగి ఉండే ఖాళీ గీతలు అప్పుడు బయటపడుతున్నాయి. ఆయన చూసిన చీమలు మా అంకెలే. స్టెబిలైజరు పెట్టించాను. బొమ్మ నిండుగా పరుచుకుని చీమలు మాయమయ్యాయి. మిల్లు యజమాని కాఫీ ఇచ్చి పంపాడు.

తిరిగొచ్చి ఇదంతా ఉత్సాహంగా చెబితే శేషగిరిరావు గారు సంతోషించలేదు. "కనపడేది శుభ్రంగా ఉండాలి మూర్తీ. కనపడనిదాన్ని ఎవడు అడిగాడు?" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. పై అధికారి ఒక మాట అన్నప్పుడు అది హాస్యమో ఆయన సిద్ధాంతమో తేల్చుకోవడం ఉద్యోగంలో మొదట నేర్చుకోవలసిన పని. నేను నేర్చుకోలేదు.

పదకొండో వరస

ఇక అసలు సంగతి. జిల్లాలో పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, కాలవల్లో నీళ్ళు చాలవు గనక వంతులు వేసి వదులుతారు. ఈ కాలవకు ఇన్నాళ్ళు, ఆ కాలవకు అన్నాళ్ళు. దివిసీమ శివారు ఊళ్ళకు వంతు వచ్చేసరికి ఎగువవాళ్ళు తాగి మూతి తుడుచుకుని ఉంటారు. పైగా శివారు వంతు అని చెప్పి వదిలిన నీళ్ళు శివారుకు చేరాలంటే, ఆ ఊరి మగాళ్ళు కాలవ పొడుగునా ప్రతి తూము దగ్గరా కాపలా కాయాలి. లేకపోతే దారిలో తూములు వాటంతటవే లేస్తాయి. కాబట్టి వంతు ఏ రోజో ముందుగా తెలియడమంటే పంట చేతికి రావడమే. వంతుల పట్టీని టెలిటెక్స్ట్ పేజీగా పంపుదామన్నారు. పది శివారు ఊళ్ళకు పది టీవీలు ఇచ్చారు.

నాగాయలంక దిగువన ఒక ఊళ్ళో ఆ టీవీని నాంచారమ్మ గారి అరుగు మీద పెట్టారు. ఆవిడకు అప్పుడు యాభై దాటాయి. భర్త పోయాక నాలుగెకరాలు కౌలుకు చేస్తూ, నీటి సంఘంలో సభ్యురాలిగా ఉండేది. ఊళ్ళో రెండు వర్గాలవాళ్ళూ ఆవిడ అరుగు ఎక్కుతారు గనక టీవీ అక్కడ పెట్టడానికి ఎవరూ కాదనలేదు.

ఎలా చూడాలో నేర్పడానికి నేనే వెళ్ళాను. ఆవిడకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. పేజీలో ఉన్నవేమో ఇంగ్లీషు అక్షరాలు. ఆ రోజుల్లో డీకోడర్లలో అవే ఉండేవి. అందుకని అంకెలతోనే నేర్పాను. పై నుంచి వరసలు లెక్కపెట్టండి, పదకొండో వరస మీ కాలవది, అందులో మొదటి అంకె తేదీ, రెండోది నీళ్ళు వదిలే గంట. ఆవిడ ఒక చీపురుపుల్ల తీసుకుని తెర మీద ఆనిస్తూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టింది. రెండోసారికే తడుముకోకుండా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది.

"ఇది ఇయ్యాళ్టిదో నిన్నటిదో నాకెట్టా తెలుసుద్ది బాబూ?"

ఆ పథకం మీద హైదరాబాదులో మూడు రోజులు శిక్షణ జరిగింది. నాతోపాటు చాలామంది ఇంజనీర్లు కూర్చున్నారు. ఒక్కరం కూడా ఆ ప్రశ్న అడగలేదు. దానికి నేను ఏం జవాబు చెప్పానో వినండి. అవనిగడ్డ బస్సు టైమవుతోంది. పేజీ పైన కుడివైపు మూలన సెకన్లతో సహా నడుస్తున్న గడియారం చూపించి, "ఇది నడుస్తూ ఉంటే ఇవాళ్టిదేనమ్మా" అన్నాను.

ఆ గడియారం పేజీలోది కాదు. ఇన్సర్టర్ తనకు తానుగా పుట్టించి ప్రతి పేజీ నెత్తిన పెట్టి పంపేది. కింద ఉన్న అంకెలు నిన్నటివైనా, పోయిన నెలవైనా గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. అది నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణాన గుర్తు రాలేదనాలా, సులువైన జవాబు కదా అని అనేశాననాలా, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇంకో పెద్ద సలహా కూడా ఇచ్చాను. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. దాళ్వా రోజుల్లో రోజుకో ఇంటి మనిషి సైకిలు మీద లాకుల దాకా వెళ్ళి, అక్కడ గేట్లు ఎత్తి దించే లస్కరు బోర్డు మీద సుద్దతో రాసిన వంతులు చూసి, గేటు ఎంత లేపారో కళ్ళారా చూసి వచ్చి ఊళ్ళో చెప్పాలి. నలభై ఇళ్ళు, నలభై రోజులు. ఎండలో పోనూ రానూ చాలా దూరం. ఇక ఆ అవస్థ అక్కర్లేదన్నాను. పెట్టెను నమ్మి సైకిలు మానేస్తామా అని కొందరు పెద్దవాళ్ళు అడ్డం తిరిగారట. నాంచారమ్మ గారే వాళ్ళకు సర్దిచెప్పి, దీనికి పూచీ నాది అన్నదట.

ఆ ఏడు పదకొండో వరస ఏం చెప్పిందో అదే జరిగింది. నీళ్ళు వచ్చాయి, కాపలా సరిగ్గా పడింది, పంట పండింది. ఆవిడ బస్సు కండక్టరు చేతికిచ్చి ఒక చక్రకేళి గెల పంపించింది. స్టేషన్లో అందరం తిన్నాం.

ఖాళీ కంటే పాతది నయం

మరుసటి ఏడు దాళ్వా. రోజూ సాయంత్రం నాలుగింటికి కాలవల ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి వంతులు చెప్పేవాడు, నేను కీబోర్డు మీద కొట్టి పేజీ మార్చేవాడిని. ఆ గుమాస్తాను ఓటర్ల జాబితా పనికి వేశారు. ఆయన కుర్చీలో కూర్చున్న మనిషికి మాకు ఫోన్ చెయ్యాలన్న సంగతే తెలియదు. శనివారం ఫోన్ రాలేదు. ఆదివారం ఎలాగూ రాదు. సోమవారం నేనే చేస్తే, వంతులు మారుస్తున్నారు, సంతకం కాగానే చెబుతాం అన్నాడు.

వంతులు మారుతున్నాయంటే మా పేజీలో ఉన్నది ఇక పనికిరాదు. దాన్ని తీసేద్దామని శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్ళాను. గురువారం హైదరాబాదు నుంచి పథకం తనిఖీకి వస్తున్నారని ఆయన గోడలకు సున్నం వేయిస్తున్నారు.

"పేజీ తీసేస్తే వాళ్ళొచ్చి నంబరు కొట్టినప్పుడు ఏం కనపడుతుంది?"

"ఏమీ కనపడదండి. సమాచారం రాలేదని ఒక లైను పెడదాం."

"ఖాళీ కంటే పాతది నయమయ్యా. ఖాళీగా ఉంటే తప్పు మనదంటారు. పాతదైతే కాలవల ఆఫీసుది" అని సున్నం బకెట్టు వైపు తిరిగిపోయారు.

నేను ఇన్సర్టర్ ఉన్న ర్యాకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క మీట నొక్కితే పేజీ పోతుంది. నొక్కలేదు. భయపడ్డాను అని రాస్తే మీరు క్షమించేస్తారు, అందుకే పూర్తిగా చెబుతున్నాను. తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు నా పేజీ తెర మీద తళతళలాడాలని నాకూ ఉంది. అన్ని నెలలు స్కోపు ముందు కూర్చున్నవాడిని, దాన్ని ఎవరైనా చూసి మెచ్చుకోవాలని ఉండదా?

మెచ్చుకున్నారు కూడా. గురువారం వచ్చిన ముగ్గురిలో ఒకాయన పేజీలో గడియారాన్ని తన చేతి వాచీతో పోల్చి చూసి, సెకను కూడా తేడా లేదన్నాడు. అందరం నవ్వాం. బందరు లడ్డూలు పెట్టాం. కింద ఉన్న అంకెలు ఏమిటని, ఎప్పటివని ఒక్కరూ అడగలేదు. అప్పటికి ఆ పేజీ మారి ఆరు రోజులైంది.

శుక్రవారం

ఆ ఆరు రోజుల్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పై నుంచి నీళ్ళు తగ్గాయని వంతులన్నీ కుదించి, శివారు వంతును శుక్రవారం నుంచి మంగళవారానికి ముందుకు జరిపారు. ఆ సంగతి లాకుల దగ్గర బోర్డు మీద సుద్దతో రాశారు. చదవడానికి ఆ ఊరి సైకిలు అక్కడ లేదు. ఎగువ ఊళ్ళవాళ్ళు చదివారు. మంగళవారం నీళ్ళు వదిలారు, కాపలా లేదు, దారి పొడుగునా తూములు లేచాయి. నాంచారమ్మ గారి ఊరి కాలవలోకి చీలమండ లోతున బురదనీళ్ళు వచ్చి ఆగిపోయాయి. వంతుకు ముందు గేటు కారి వచ్చాయేమో అనుకున్నారు. ఎందుకంటే పదకొండో వరస శుక్రవారం అంటోంది.

శుక్రవారం పొద్దున్నే ముప్ఫై మంది పారలు భుజాన వేసుకుని, సద్దిమూటలు కట్టుకుని కాపలాకు బయలుదేరారు. లాకుల దగ్గర లస్కరు వాళ్ళను చూసి, మీ వంతు అయిపోయి మూడు రోజులైందిగా, ఇప్పుడెక్కడికి అని అడిగాడట.

చేను పొట్ట మీద ఉంది. మళ్ళీ వంతు రావడానికి రెండు వారాల పైమాటే. దివిసీమ శివారు నేల సంగతి తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. పైన నీరు లేకపోతే కిందనుంచి ఉప్పు లేస్తుంది. వెన్ను బయటికి వచ్చేసరికి గింజలన్నీ తాలు.

శనివారం మధ్యాహ్నం నాంచారమ్మ గారు బస్సులు మారి మా స్టేషనుకు వచ్చింది. ఒక్కతే వచ్చింది. బయట బల్ల మీద కూర్చుని ఉంటే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. అప్పటికి నాకు ఏమీ తెలియదు. సెట్టు ఏమైనా పాడైందా అమ్మా అని అడిగాను.

"సెట్టుకేం బాబూ, బాగానే ఉంది. గడియారం నడుస్తానే ఉంది."

మెల్లగా అంతా చెప్పింది. వారం నుంచి వరస మారలేదని చూసిందట. మారలేదంటే మార్చాల్సిన పని పడలేదేమో అనుకుందట. ఆ గడియారం మిషను తయారుచేసేదమ్మా, కింద అంకెలతో దానికి సంబంధం లేదు, అవి మేము కొడితేనే మారతాయి అని చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఆ సంగతి నాకు తెలియదు. మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నలభై ఇళ్ళకి నేను పూచీ పడ్డా. పంట పోతే పోయింది, ఇంకో ఏడు వచ్చుద్ది. నాంచారమ్మకి చూట్టం చేతకాక మమ్మల్ని ముంచింది అంటన్నారు. మీరొక్కసారి ఊళ్ళోకొచ్చి ఇప్పుడు నాకు చెప్పిందే వాళ్ళకి చెప్పండి. అంతకంటే నాకేం వద్దు."

వస్తానన్నాను. సోమవారమే వస్తానన్నాను. బస్టాండు దాకా వెళ్ళి ఆవిడను బస్సెక్కించాను కూడా.

సోమవారం సెలవు అడిగితే శేషగిరిరావు గారికి విషయం అర్థమైంది. నువ్వు వెళ్ళావంటే తప్పు ఒప్పుకున్నట్టే, స్టేషను మొత్తాన్ని ముంచుతావా అన్నారు. వెళ్ళలేదు. ఆ వారమూ వెళ్ళలేదు, ఆ నెలా వెళ్ళలేదు. ఆలస్యమైన కొద్దీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఒక్క అబద్ధం లేని కాయితం

ఊరివాళ్ళు జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టారు. కాలవల ఆఫీసు, మార్పును లాకుల దగ్గర పద్ధతి ప్రకారం బోర్డు మీద రాశామని జవాబిచ్చింది. నిజమే. మమ్మల్ని ప్రసారం లాగ్‌బుక్కు అడిగారు. శేషగిరిరావు గారు స్వయంగా ఒక వాక్యం రాశారు. "సదరు పేజీ పై తేదీలన్నిటా ఎటువంటి సాంకేతిక లోపం లేకుండా ప్రసారం చేయబడినది." కింద నా సంతకం కావాలి, ఎందుకంటే డ్యూటీ నాది.

దాన్ని మూడుసార్లు చదివాను. అందులో అబద్ధం వెతికాను, దొరకలేదు. పేజీ ప్రసారమైంది, అన్ని రోజులూ అయింది, లోపం లేకుండా అయింది. మట్టం సరిగ్గా ఉంది, గీత సరిగ్గా ఉంది, ఒక్క అక్షరం కూడా ఎగిరిపోలేదు. సంతకం పెట్టాను.

రెండు ఆఫీసులూ తప్పు చెయ్యలేదని తేలాక మిగిలింది ఎవరు? "గ్రామంలో సెట్టు చూసే వ్యక్తికి తగిన అవగాహన లేకపోవడం వల్ల" అని చివరి కాయితంలో వచ్చింది. ఆవిడ పేరు కూడా రాయలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఇదే చెబుతాను. అబద్ధం రాయమని మిమ్మల్ని ఎవరూ అడగరు. అంత తెలివితక్కువవాళ్ళు పై కుర్చీల దాకా రారు. నిజాలే రాయమంటారు. కొన్ని నిజాలు మాత్రమే. మన ఇంజనీర్లకు ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. సిగ్నల్ మన బాధ్యత, అందులో ఏం పోతోందో మనది కాదు అనుకోవచ్చు. నేను చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. పోస్టుమాన్‌కు ఉత్తరంలో ఏముందో తెలియదు గనక ఆయన అనుకోవచ్చు. ఆ అంకెలు నా వేళ్ళతో కొట్టినవాడిని, అవి చచ్చిపోయాయని తెలిసినవాడిని నేను అనుకోకూడదు.

తర్వాత పేజీ అడుగున సమాచారం ఎప్పుడు ఎక్కించామో తెలిపే తేదీ పెట్టాను. ఒక రోజు దాటితే పేజీ దానంతటదే చెరిగిపోయేలా చేశాను. అరపూట పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. మొదటి రోజునే ఎందుకు చెయ్యలేదంటే, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టిన మనిషికి బస్సు తొందరలో జవాబు చెప్పాను.

సెట్ల వాపసు

రెండు మూడేళ్ళకు సెల్‌ఫోన్లు వచ్చాయి, పథకం మూతబడింది. ఇచ్చిన సెట్లన్నీ వెనక్కి తెమ్మన్నారు. జాబితా పట్టుకుని జీపులో నేనే వెళ్ళాను. ఆ ఊరిని కావాలని చివరికి పెట్టుకున్నాను.

దారికి రెండు వైపులా ఒకప్పుడు వరి ఉన్నచోట రొయ్యల చెరువులు. నీళ్ళను చిలికే యంత్రాలు తిరుగుతున్నాయి. నాంచారమ్మ గారు చేసిన నాలుగెకరాలు కూడా చెరువైపోయాయి. ఆ పంట పోయిన ఏడే భూమిగలాయన కౌలు రద్దు చేశాడట. ఊళ్ళో ఇంకెవరూ ఆవిడకు కౌలుకు ఇవ్వలేదు. నీటి సంఘంలోనూ ఆవిడ పేరు తీసేశారు. అదే చెరువు గట్టు మీద కూలికి వెళ్తోంది. ఇదంతా ఆవిడ చెప్పలేదు, జీపు దగ్గర మూగినవాళ్ళు చెప్పారు.

టీవీని లోపలి గదిలో పాతచీర కప్పి ఉంచింది. ఎక్కడా దుమ్ము లేదు. నాకు మజ్జిగ ఇచ్చింది. వాపసు ఫారం మీద సంతకం పెట్టమని అడిగితే, పెడతాను గానీ నాకూ ఒక కాయితం రాసివ్వండి అంది.

"ఏమని రాయమంటారు?"

"సెట్టు బాగుంది. నాంచారమ్మ చూసింది సరిగ్గానే చూసింది. అందులో వచ్చిందే తప్పు. అంతే రాయండి బాబూ."

అప్పటికి శేషగిరిరావు గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. విచారణ ఫైలు ఎప్పుడో మూసేశారు. నన్ను ఆపేవాడు ఆ అరుగు మీద ఎవరూ లేరు. నా సంతకంతో ఉన్న పాత కాయితం ఒకటి ఆఫీసులో ఉందని, దానికి ఎదురుగా ఇంకో కాయితం నా చేత్తోనే పుడుతుందని అనిపించింది. కలం తీసి, "సెట్టు మంచి స్థితిలో వాపసు తీసుకున్నాను" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆవిడ వెలుగులోకి వెళ్ళి, అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది.

"సగమే రాశారు" అంది. కాయితం మడిచి నా చేతిలో పెట్టింది. "సెట్టు మంచిదని నాకెందుకు బాబూ? అది మీది. ఈ కాయితం కూడా మీరే ఉంచుకోండి."

నా ఫారం మీద సంతకం పెట్టింది. టీవీని నాతోపాటు ఒక పక్క పట్టుకుని జీపు దాకా మోసింది.

ఆవిడ పోయిందని కిందటేడు తెలిసింది. శేషగిరిరావు గారు అంతకు ముందే పోయారు. నా పింఛను ఎవరూ ఆపలేరు. అంటే, రాస్తే ఏమీ పోనప్పుడు రాస్తున్నాను. దీన్ని ధైర్యం అనకండి. నేను చెయ్యగలిగిందల్లా దీని కాపీ ఒకటి ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకు పంపడం. ఆ నలభై ఇళ్ళలో చదివేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, మిగతా సగం ఇది.

నాంచారమ్మ గారు చూసింది సరిగ్గానే చూసింది. అందులో వచ్చిందే తప్పు. అది తప్పని తెలిశాక కూడా పంపింది నేను.